ఒత్తు ఊడకుండా కదలాలి

నేపర్‌విల్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి కొట్టిన మెసేజ్, వేసవిలోనైతే విజయవాడలో రాత్రి పదిన్నరకి చేరుతుంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని అదొక్కటీ చదువుకుని పడుకుంటుంది. ‘ఈసారి రాలేనమ్మా’ అని ఉత్తినే కొడితే విసుగ్గా అన్నానో, బాధగా అన్నానో ఆవిడకెలా తెలుస్తుంది? ఫోన్ చేసి సర్దిచెబుదామంటే అప్పటికే నిద్రలో ఉంటుంది. ఒకప్పుడు 5ఈఎస్‌ఎస్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీని రూపొందించిన బెల్ ల్యాబ్స్ ఇండియన్ హిల్ కేంద్రం మా ఊళ్లోనే ఉండేది. గొంతును ఊరూరికీ చేరవేసిన చోట కూర్చుని, గొంతు లేని అక్షరాలతో ఇన్ని తంటాలు!

గొంతు చెప్పే భావాన్ని కదలికతో చెబుదామని, అలా పట్టుకుంది నాకీ కదిలే అక్షరాల పిచ్చి. పిచ్చి పాతదే. 1959లో హిచ్‌కాక్ సినిమా ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ టైటిల్స్‌లో డిజైనర్ సాల్ బాస్ పేర్లను గీతల వెంట పరుగెత్తించాడు. మామూలు మనుషులు తమ మెసేజ్‌లకు కదలిక అద్దుకునేలా కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఫోర్లిజ్జీ, లీ, హడ్సన్ 2003 నాటికే ‘కైనెడిట్’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. ఐఫోన్‌లో ఒక్కో మాటను వణికించే, పేల్చే సరదా 2024లో ఐఓఎస్ 18తో వచ్చింది. అమ్మది ఐఫోన్ కాదు కనుక, నేను చిన్న వీడియో చేసి వాట్సాప్‌లో పంపుతాను.

చిక్కంతా తెలుగుతోనే. ఇంగ్లిష్ అక్షరాలు దేనికది విడిగా నిలబడతాయి, ఒక్కోదాన్నీ గెంతించవచ్చు. మన ‘స్త్రీ’ చూడ్డానికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు కోడ్‌లు. పిన్ని పుట్టినరోజుకి ‘లక్ష్మి’ అని ఎగరేస్తే ల, క్, ష్, మి అని పొల్లులతో తలో దిక్కుకీ పోయాయి. ‘క్ష్మి’ని విడదీయకూడదన్న నియమం ఆ కోడ్‌ల ప్రమాణమైన యూనికోడ్‌లోకి 15.1 వెర్షన్‌తో, 2023లో గానీ రాలేదు. ఇప్పటికీ దాన్ని పట్టించుకోని సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కదిలేవాటి సంగతి సరే, 2018 ఫిబ్రవరిలో జ, ఞ కలిసిన ఒక తెలుగు అక్షరం కదలకుండానే ఐఫోన్లను కుప్పకూల్చింది. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో గానీ కుదుటపడలేదు.

అందుకని నేను అక్షరాలను చేత్తోనే విడదీసుకుంటాను: రా, లే, న, మ్మా. ‘ఈసారి’ని కదపను. ‘రాలేన’ మామూలుగా వస్తుంది, చివరి ‘మ్మా’ ఒక్కటే నెమ్మదిగా కిందికి జారి ఆగుతుంది. అదే అక్షరం చటుక్కున ఊడిపడితే కసిరినట్టుంటుంది. తలకట్టు పైన, ఒత్తు కింద ఉండే లిపి మనది. వరుసల మధ్య జాగా బాగా వదలకపోతే పైవరుస ఒత్తు వెళ్లి కిందివరుస తలకట్టును గుద్దుకుంటుంది. ఫాంట్ల విషయంలో సిలికానాంధ్రకి రుణపడి ఉన్నాం. వాళ్ల ఫాంట్లలో నెమ్మది మాటకి మండలి, అల్లరికి లావుపాటి రామభద్ర వాడతాను.

కదలిక నేర్చిన కొత్తలో అందరూ ప్రతి మాటనీ ఊపేస్తారు. ఉగాది శుభాకాంక్షలు గిరగిరా తిరుగుతుంటే చదివేవాళ్లకి కళ్లు తిరగడమే మిగులుతుంది. వాక్యానికి ఒక్క మాట కదిలితే చాలు, అదీ చదవడం పూర్తయ్యేదాకా నిలవాలి. సంతాపం తెలిపేటప్పుడు మాత్రం దయచేసి ఏ అక్షరాన్నీ కదపకండి.