చౌక ప్లాస్టిక్ విమానము కూర్చుట దండుగా?

చిత్తూరులో ఉన్నత పాఠశాల సైన్సు ఉపాధ్యాయులుగా నున్న మిత్రులొకరు ఈ మధ్య తిరుపతి వచ్చినపుడు నన్నొక ప్రశ్న అడిగినారు. "సైన్సు క్లబ్బు పద్దులో రెండువేల రూపాయలు మిగిలినవి. ప్లాస్టిక్ విమానముల కిట్లు కొనుమని పిల్లలు పట్టుబట్టినారు. చౌక రకమే ఒక్కొక్కటి ఆరువందలు. కొనవచ్చునంటావా, దండుగ అంటావా?"

వస్తువును చూడక తీర్పు చెప్పుట సైన్సు చెప్పువానికి తగదు. అందుచేత అటువంటి కిట్టు నొకదానిని తెప్పించి, డిగ్రీ మొదటి సంవత్సరము చదువుచున్న ఒక విద్యార్థి చేత కూర్పించి, ఇద్దరము కలిసి దాని గుణదోషములను కొలిచి చూచినాము. ఆ పరీక్షలో తేలిన సంగతులను ఇక్కడ మనవి చేయుచున్నాను.

పెట్టెలో నున్నది స్పిట్‌ఫైర్ అను యుద్ధవిమానము. మిచెల్ అను ఆంగ్ల ఇంజనీరు రూపొందించిన ఈ విమానము 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరినది. మనకును ఇది కొత్తది కాదు. బర్మా యుద్ధరంగమున మన వైమానికదళము ఈ జాతి విమానములను నడిపినది. 1947-48లో కాశ్మీరు యుద్ధమునందును ఇవి పాల్గొన్నవి.

పెట్టెమీద 1/72 అని వ్రాసి యున్నది. అనగా నిజమైన విమానములో 72 సెంటీమీటర్ల పొడవు బొమ్మలో ఒక సెంటీమీటరగును. ఈ 72 అను సంఖ్య ఎక్కడనుండి వచ్చినదని విద్యార్థులు తప్పక అడుగుదురు. ఆరడుగులకు 72 అంగుళములు. కాబట్టి ఆరడుగుల మనిషి ఈ నిష్పత్తిలో సరిగా ఒక అంగుళముండును. అడుగులు, అంగుళములలో గీసిన విమానపు పటములను కుదించుటకు ఇది మిక్కిలి అనువైన లెక్క.

ఇటువంటి బొమ్మలకు బడితో సంబంధము పాతదే. ఈ నిష్పత్తిలోనే 1936లో ఇంగ్లండులో 'ఫ్రాగ్ పెంగ్విన్' అను పేర ప్లాస్టిక్ కిట్లు వెలువడినవి. 1942లో అమెరికా నౌకాదళము అచ్చటి ఉన్నత పాఠశాలల విద్యార్థులను ఐదు లక్షల నమూనా విమానములు చేసి యిమ్మని కోరినది. ఆకాశమున కనబడునది శత్రు విమానమో మిత్ర విమానమో సైనికులు ఆకారమును బట్టి గుర్తుపట్టుటకు అవి కావలసి వచ్చినవి. ఆ పిల్లలు పటములను చూచి, 1/72 నిష్పత్తిలో చెక్కతో వాటిని చెక్కినారు. ఆకారము తప్పిన బొమ్మ అక్కడ పనికిరాదు. యుద్ధానంతరము 1950 దశకములో ఎయిర్‌ఫిక్స్ అను సంస్థ రెండు షిల్లింగులకే స్పిట్‌ఫైర్ కిట్టును అమ్మి, ఈ వ్యాసంగమును సామాన్యుల పిల్లల చేతికి తెచ్చినది.

ఇక మా కిట్టు సంగతి. ఇది పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్‌తో చేసినది. ఈ పదార్థము సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మెత్తబడును. దానిని 200 డిగ్రీలకు పైగా వేడిచేసి, రెండు ఉక్కు అచ్చుల నడుమకు బలముగా ఎక్కించి చల్లార్చుదురు. ఖర్చంతయు ఉక్కు అచ్చును చెక్కుటలోనే యున్నది; ప్లాస్టిక్ ఖరీదు స్వల్పము. ఒకే అచ్చును ఏండ్ల తరబడి వాడినచో బొమ్మ చౌక యగును. కాని వాడిన కొలది అచ్చు అంచులు అరిగి, సందులలోనికి ప్లాస్టిక్ జొరబడి, భాగముల చుట్టు పలుచని రేకువలె నిలిచిపోవును. మందముగా నున్న చోట్ల లోపలి పదార్థము ఆలస్యముగా చల్లారి కుంచించుకొనుటచే పైన గుంటలు పడును. మా కిట్టులో ఈ రెండు దోషములును ఉన్నవి. రేకులను బ్లేడుతో గీకి, ఉప్పుకాగితముతో రుద్దుటకే ఒక సాయంత్రము పట్టినది.

అతికించు పనిలో మంచి రసాయన పాఠమున్నది. ఈ కిట్లకు వాడు సిమెంటు మన బంకవలె రెంటి నడుమ పొరగా నిలుచునది కాదు. అది పాలిస్టైరీన్‌ను కరిగించు ద్రావణి. రెండు అంచులును కొంచెము కరిగి, వాటి పొడవైన అణువులు ఒకదానిలో నొకటి చిక్కుకొనును. ద్రావణి ఆవిరియైన పిమ్మట అతుకు మిగిలిన ప్లాస్టిక్‌లో కలిసిపోవును. కాని అంతవరకు భాగములను కదలకుండ పట్టియుంచవలెను. ఈ ద్రావణి ఆవిరులు ఆరోగ్యమునకు మంచివి కావు. కిటికీలు తెరచి, పెద్దల ఎదుట మాత్రమే ఈ పని చేయవలెను. దీపములను, అగ్గిపుల్లలను దగ్గరకు రానీయరాదు. తొందరపడి సైనోఅక్రిలేట్ జిగురు వాడినచో, పైలట్ కూర్చుండు చోటి పారదర్శకపు మూత తెల్లగా మసకబారును.

నాలుగు సాయంత్రములలో విమానము తయారైనది. దూరమునుండి చూచుటకు ముచ్చటగానే యున్నది. అప్పుడు కొలత మొదలుపెట్టినాము. అసలు విమానము రెక్కల కొననుండి కొనకు 11.23 మీటర్లు. దానిని 72తో భాగించిన 156 మిల్లీమీటర్లు రావలెను. మా బొమ్మకు వచ్చినది 154. రెండు మిల్లీమీటర్లే గదా యనవచ్చును. కాని నిజమైన విమానముపై అది 14 సెంటీమీటర్ల పైమాట. చల్లారునపుడు పాలిస్టైరీన్ నూటికి సుమారు అరవంతు కుంచించుకొనును. ఆ లెక్కను అచ్చులో ముందుగా చేర్చుట మరచినారనుకొన్నను, లోటు ఒక మిల్లీమీటరునకు మించరాదు. కాబట్టి మిగిలిన తప్పు అచ్చు చెక్కినవారి పటములోనిదే కావలెను.

రెక్కలమీద రేకుల అతుకులను చూపు గాళ్లు 0.3 మిల్లీమీటరు వెడల్పున్నవి. 72తో గుణించిన 2 సెంటీమీటర్లకు పైబడును! నిజమైన విమానమునకు అటువంటి కాలువలున్నచో గాలి నిరోధము ఎంత పెరుగునో విద్యార్థులే చెప్పగలరు. రెక్క ఆకారమును గ్రాఫు కాగితముపై గీసి, గళ్లు లెక్కించినాము. వైశాల్యము 42 చదరపు సెంటీమీటర్లు వచ్చినది. వైశాల్యమునకు 72 వర్గమగు 5,184తో గుణించవలెను గదా, దాదాపు 21.8 చదరపు మీటర్లు వచ్చును. అసలు విమానమునకు 22.5. పొడవు తగ్గినంతకు తగినట్లే వైశాల్యమును తగ్గినది.

తరువాత జరిగిన చిన్న సంగతియే నా అభిప్రాయమును మార్చినది. స్పిట్‌ఫైర్ రెక్కలు కొనల వైపు 6 డిగ్రీలు పైకి లేచియుండును. విమానము ఒక ప్రక్కకు ఒరిగి జారినపుడు క్రిందైన రెక్కకు ఎక్కువ ఎత్తుడు బలము కలిగి, అది మరల సమముగా నిలుచుటకు ఈ కోణము తోడ్పడును. రేణిగుంటలో దిగు ఏ.టి.ఆర్. విమానమునకువలె రెక్కలు పైభాగమున నున్నచో ఈ కోణము అంతగా అవసరముండదు. స్పిట్‌ఫైర్ రెక్కలు క్రిందనున్నవి గనుక కావలెను. ఆ కోణమును కొలువుమని విద్యార్థికి చెప్పినాను. అతడు కాగితముమీద "ఎడమ 6, కుడి 6" అని వ్రాసి తెచ్చినాడు. బొమ్మను ముందునుండి చూచిన ఎవరికైనను ఎడమరెక్క ఎక్కువ లేచినట్లు కనబడుచున్నది.

"ఏమబ్బా, రెండూ ఆరేనా?" అన్నాను.

"పుస్తకంలో ఆరని ఉంది కద సార్."

"పుస్తకంలో ఉండేది విమానం సంగతి. నువ్వు కొలిచింది ఏది?"

అతడు సిగ్గుపడి మరల కొలిచినాడు. ఎడమ 8, కుడి 5. ఆరకముందే చేయి వదలినందున అతుకులు జారినవి. రెక్కల పొడవులోని తప్పు అచ్చుది. కోణములోని తప్పు మాది.

ఆ విద్యార్థిని నేను తప్పుపట్టలేను. మన ప్రయోగశాలలలో ఏటేట జరుగుచున్నది ఇదే. లఘులోలకముతో గురుత్వ త్వరణమును కనుగొనుమన్న, ముందు 980 అని వ్రాసికొని తరువాత పాఠ్యాంకములను దానికి సర్దు విద్యార్థులెందరో. మన తిరుపతి అక్షాంశమును బట్టి లెక్కించినచో ఆ విలువ సుమారు 978.3 మాత్రమే. మన లోలకము అంత సూక్ష్మభేదమును పట్టలేకపోవచ్చును. కాని జవాబు ముందే తెలిసిన ప్రయోగములో తప్పును ఒప్పుకొను అలవాటు విద్యార్థికి రాదు. చౌక బొమ్మలో జవాబు ఎక్కడను అచ్చుకాలేదు. ఇది ఎంత తప్పినదో, ఎవరివలన తప్పినదో కొలిచినవాడు మాత్రమే చెప్పగలడు. ఖరీదైన కిట్టులో భాగములు చక్కగా అమరును గనుక ఈ వెదుకులాటకు అవకాశము తక్కువ.

అయినను ఈ బొమ్మ చేయలేని పనులను దాచరాదు. ఇది ఎగరదు, ఎగురుటను నేర్పదు. అసలు విమానపు బరువు సుమారు 2,700 కిలోగ్రాములు. బరువు ఘనపరిమాణమును బట్టి తగ్గును గనుక, 72 ఘనముతో భాగించిన 7 గ్రాములు రావలెను. మా బొమ్మ తూగినది 19 గ్రాములు. ఎగురుటను గూర్చి నేర్పుటకు థర్మోకోల్ రేకుతో చేసిన గ్లైడరు మేలు. తక్కువ ఖర్చుతో నలుబదిమంది పిల్లలును తలా ఒకటి చేసి విసరగలరు. చేతి నైపుణ్యమే కావలెనన్న, తిరుపతిలో ఎర్రచందనపు బొమ్మలను చెక్కు శిల్పి వద్ద ఒక పూట కూర్చుండుట మేలు. చెక్కలో ఆకారమును అతడే నిర్ణయించవలెను. కిట్టులో దానిని ఇతరులెవరో ముందే నిర్ణయించియున్నారు. అలంకారము కొరకే యనుకొన్నను లాభము లేదు: రంగులు, కుంచెలు కొన్నచో ఖర్చు రెట్టింపగును.

కాబట్టి మిత్రులకు నేను చెప్పిన జవాబిది. మూడు కిట్లు కొనవద్దు, ఒక్కటి కొనుడు. రంగులు అక్కరలేదు. మిగిలిన సొమ్ముతో ఒక వెర్నియర్ కాలిపర్సు, థర్మోకోల్ రేకులు, గ్రాఫు కాగితములు కొనుడు. కూర్చుటకు ముందే విద్యార్థులచే అసలు విమానపు కొలతలను 72తో భాగింపించి పట్టిక వ్రాయింపుడు. కూర్చిన పిమ్మట ఒక జట్టు కొలిచినది మరొక జట్టుకు చూపక, రెండుసార్లు కొలిపింపుడు. తేడాలు వచ్చిన చోట తప్పు అచ్చుదా, అతికించినవారిదా, కొలిచినవారిదా యని చర్చింపనిండు. ఈ పని చేయింపగల తీరిక లేనిచో కిట్టు కొనవద్దు. అప్పుడది నిజముగా దండుగయే.

మా స్పిట్‌ఫైర్ ఇప్పుడు నా బల్లమీద నున్నది. ఎడమరెక్కను విరిచి సరిగా అతికించెదనని విద్యార్థి అన్నాడు, నేను వలదన్నాను. దాని ముందు ఒక చిన్న అట్ట నిలిపి, అతని చేతనే వ్రాయించినాను: "రెక్కల పొడవు 154, ఉండవలసినది 156. కోణము ఎడమ 8, కుడి 5, ఉండవలసినది 6."