భాగస్వామ్యంలో ఎవరి భాగమెంత? – ఇంధన కంపెనీలు, సంరక్షణ సంస్థల జీవవైవిధ్య ఒప్పందాలపై విమర్శ

వ్యాససంగ్రహం: జీవవైవిధ్య రక్షణకు ఇంధన కంపెనీలు, ప్రకృతి సంరక్షణ సంస్థలు కలిసి చేస్తున్న ప్రయత్నాలను ఏ గీటురాయిపై పరీక్షించాలో ఈ వ్యాసం చర్చిస్తుంది. సఖాలిన్ తిమింగలాలు, రాజస్థాన్ బట్టమేక పిట్టల ఉదంతాలు ఇందుకు ఆధారం.

కీలకపదాలు: జీవవైవిధ్యం, భాగస్వామ్యం, బట్టమేక పిట్ట, సఖాలిన్, బంజరు.

1. ఉపోద్ఘాతం

‘భాగస్వామి’ అంటే భాగానికి స్వామి. లాభంలో భాగమున్నవాడు నష్టాన్నీ పంచుకోవాలన్నది ఆ మాటలో ఇమిడివున్న ధర్మం. జీవవైవిధ్య ఒప్పందాలలో కంపెనీకి మంచిపేరు, సంరక్షణ సంస్థకు నిధులు దక్కుతాయి. ఎవరి పేరిట ఒప్పందం కుదిరిందో ఆ ప్రాణికి దక్కిన భాగమేమిటి? మొక్కలు నాటడం, అవగాహన సదస్సులు, పరిశోధన నిధులు కంపెనీ అదనంగా ఇచ్చేవి. తన ప్రాజెక్టులోంచి అది ఏమి వదులుకున్నదన్నదే గీటురాయి కావాలి.

2. సఖాలిన్: మారిన దారి

రష్యా తూర్పుతీరంలోని సఖాలిన్ దీవి వద్దకు బూడిదరంగు తిమింగలాలు వేసవిలో మేతకు వస్తాయి. 2000ల తొలి సంవత్సరాలలో ఆ సమూహంలో ఉన్నవి సుమారు వంద. ఆ మేత ప్రాంతం పక్కనే సఖాలిన్-2 చమురు, సహజవాయు ప్రాజెక్టు రూపుదిద్దుకుంది. షెల్ ప్రధాన వాటాదారుగా ఉన్న సఖాలిన్ ఎనర్జీ కోరికపై అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) స్వతంత్ర శాస్త్రవేత్తల బృందాన్ని ఏర్పరచింది. 2005లో ఆ బృందం నివేదిక వెలువడింది. అదే ఏడాది కంపెనీ సముద్రగర్భ పైపులైను మార్గాన్ని సుమారు 20 కిలోమీటర్లు దక్షిణానికి మార్చింది. 2006లో సలహామండలి ఏర్పడింది. ఖర్చు కంపెనీదే అయినా నివేదికలు బహిరంగంగా వెలువడ్డాయి.

అయితే చమురు వేదికను మరోచోటికి తరలించాలన్న పర్యావరణవాదుల కోరిక నెరవేరలేదు. మండలి సలహాలను పాటించి తీరాలన్న నియమమూ అప్పట్లో లేదు. పైపులైను మారడం వెనుక రుణమిచ్చే బ్యాంకుల ఒత్తిడి కూడా ఉంది. కనుక ఈ విజయాన్ని స్నేహానికి మాత్రమే ఆపాదించలేం. స్వతంత్ర శాస్త్రం, బహిరంగ నివేదిక, అప్పు ఆగిపోతుందన్న భయం కలిసినప్పుడే గీసిన గీత చెరిగింది.

3. బట్టమేక: వేలాడదీసిన రక్షణ

మనదేశంలో ఇరుపక్షాలనూ ఒకచోటికి చేర్చింది స్వచ్ఛంద ఒప్పందం కన్నా న్యాయస్థాన వ్యాజ్యమే. ప్రపంచంలో 150కి మించి మిగలని బట్టమేక పిట్ట బరువైనది. ఎదుటి చూపు తక్కువ. తీగ కనిపించేసరికి తప్పుకోలేదు. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే ఈ పక్షికి ప్రతి మరణమూ తీరని లోటు. 2020లో పోఖ్రాన్ ప్రాంతంలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ, డబ్ల్యూసీఎస్ ఇండియా కలిసి విద్యుత్ తీగలకు మెరిసే బిళ్లలు అమర్చాయి. అవి పక్షిని హెచ్చరిస్తాయి. తీగ మాత్రం తన దారిలోనే ఉంటుంది.

రంజిత్‌సింహ్ తదితరుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో పక్షి ఆవాసాలలోని తీగలను భూమిలోకి మార్చాలని ఆదేశించింది. 2024 మార్చిలో, సౌరవిద్యుత్ ఆవశ్యకతను, సాంకేతిక ఇబ్బందులను గుర్తించి, ఆ విస్తృత ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీని నియమించింది. బొగ్గును తగ్గించే విద్యుత్తే పక్షిని చంపుతున్న ఈ సంకటంలో ఏ పక్షాన్నీ తేలికగా కొట్టివేయలేం. అందుకే తీగ ఎక్కడ వెళ్లకూడదో ముందుగా తేల్చడం, తీగపై ఏమి వేలాడదీయాలన్న చర్చ కంటే ముఖ్యం.

4. ‘బంజరు’ అనే మాట

ఈ సంకటానికి భాష కూడా కొంత కారణం. గడ్డిమైదానాన్ని రెవెన్యూ పరిభాష ‘బంజరు’ అంటుంది. పశువుకు మేత, పక్షికి గూడు అయిన నేల ఆ ఒక్కమాటతో ఖాళీస్థలమై, ప్రాజెక్టులకు సిద్ధమవుతుంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడును 1988లో ప్రధానంగా బట్టమేక కోసం అభయారణ్యంగా ప్రకటించారు. అదే జిల్లాలో గని, శకునాల గ్రామాల వద్ద 1000 మెగావాట్ల సౌరపార్కు వెలిసింది. అయితే రోళ్లపాడులో పక్షి క్షీణత సౌరపార్కుకు ముందే మొదలైంది. గడ్డినేలలు సాగులోకి మారడం అందుకు ఒక కారణం. నేరం విద్యుత్తుది ఒక్కదానిదే కాదని ఇది చెబుతుంది. గడ్డినేలకు విలువ కట్టలేని మన చూపుదీ అందులో భాగమే.

5. ముగింపు

భాగస్వామ్యాలను తిరస్కరించనక్కరలేదు, వాటిని మూడు ప్రశ్నలతో చదవాలి. పటంపై ఏ గీత మారింది? శాస్త్రవేత్తల నివేదికను ప్రజలు చదవగలరా? కంపెనీ మాట తప్పితే ఆపగల శక్తి ఎవరికుంది? వీటికి సమాధానం లేని ఒప్పందంలో ప్రాణి పేరే తప్ప ప్రాణికి భాగం లేదు.