జీతగాడు బానిస కాడా?

'ఏడు తరాలు' చదివి కంటతడి పెట్టని తెలుగు పాఠకులు తక్కువ. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి కుదించి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చు వేసింది. పారిపోయిన కుంటా కింటే పాదం నరికే చోట పుస్తకం మూసేసి ఏడ్చినామని చెప్పిన అగ్రవర్ణ మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ల కన్నీళ్లను నేను అనుమానించను. కానీ ఆ పుస్తకం చదివిన ఇంట్లోనే, దొడ్లో పేడ తీసే మనిషి ఒకడు ఉండినాడు. పేజీలోంచి తల ఎత్తినప్పుడు వాడెందుకు కనపడలేదు? ఆఫ్రికా నుంచి అమెరికా దాకా పోయిన చూపు ఇంటి వెనక దొడ్డి దాకా ఎందుకు పోలేదు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. మా నాయన పదేళ్లప్పుడు గొడ్లకాడ జీతానికి చేరినాడు. జేజినాయన చేసిన అప్పు దానికి కారణం. ప్రతి ఉగాదికి ప్రోనోటు తిరగరాసేవాళ్లు, నాయన వేలిముద్ర వేసేవాడు. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక పంచ, ఒక జత చెప్పులు. చెప్పులు కుట్టే మాదిగ ఇంటి బిడ్డకు చెప్పులు జీతంలో భాగం! జ్వరమొచ్చి పనికి పోకపోతే నాగా. ఆ నాగా మళ్లీ అప్పులో కలుస్తుంది. నేను యూనివర్సిటీకి వచ్చి, పరిశోధన ముసాయిదాలో ఈ పద్ధతిని 'బానిసత్వం' అని రాస్తే, ఒక అధ్యాపకుడు ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టి అడిగినాడు: "జీతం ఇచ్చినారు కదా, బానిస ఎట్లయితాడు?"

అప్పుడు నాకు జవాబు రాలేదు. ఈ వ్యాసం ఆ జవాబు.

ముందు మాట సంగతి చూద్దాం. బడిలో ప్రకృతి వికృతులు బట్టీ పట్టినాం. 'జీవితం' ప్రకృతి, 'జీతం' వికృతి. వ్యాకరణం తెలియకుండానే నిజం చెప్పింది. సీమ పల్లెల్లో జీతం అంటే నెల తిరిగితే చేతికొచ్చే రూకలు కాదు. ఒక మనిషి ఏడాది బతుకును అప్పు కింద రాసివ్వడం. గుమాస్తాకూ జీతమే, గొడ్లకాడి పిల్లగానికీ జీతమే. ఒకే మాట రెంటినీ కప్పేసరికి రెండోది కూలి ఒప్పందం మాదిరి కనపడింది. 'బానిస' అనే మాటను మనవాళ్లు రోముకూ అమెరికాకూ వదిలేసినారు.

ఈ కప్పిపెట్టడం కంపెనీ కాలం నుంచే ఉంది. 1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినాడు. 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు కింద ఉండింది. పొలం బానిసత్వం గురించి కంపెనీ అధికారులు విచారించినప్పుడు వాళ్లకు ముఖ్యంగా కనపడింది మలబారు, కెనరా, తమిళ వరి నేలలు. అక్కడ పులయలనూ పళ్లర్లనూ పరయర్లనూ భూమితో పాటు అమ్మడం, కుదువ పెట్టడం కాగితం మీద ఉంది. మెట్ట సీమలో అట్లాంటి అమ్మకపు కాగితం వెతికితే ఎట్లా దొరుకుతుంది?

నా వాదన ఇది. వరి పండే చోట ఏడాదంతా పని, అందుకని మనిషిని సొంతం చేసుకుంటే లాభం. వాన మీద ఆధారపడిన నేలలో పని కొన్ని నెలలదే. కరువులో మనిషిని కొంటే మేపాల్సి వస్తుంది. అప్పిచ్చి కట్టేస్తే ఆ బాధ లేదు. కావాల్సినప్పుడు పని, అక్కర లేనప్పుడు వాని కడుపు వాని కర్మ. "మనిషిని అమ్ముతారా?" అని అడిగిన అధికారికి "లేదు" అనే జవాబే వస్తుంది. "వాడు విడిచి పోగలడా?" అని అడగాల్సింది.

చట్టాల చరిత్ర చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ యజమానులకు 2 కోట్ల పౌన్ల పరిహారం ఇచ్చింది, బానిసలకు ఏమీ ఇవ్వలేదు. కంపెనీ ఏలుబడిలోని మన దేశాన్ని ఆ చట్టం నుంచి మినహాయించింది. ఇక్కడికి 1843 అయిదో చట్టం వచ్చింది. బానిస మీద హక్కును కోర్టులు అమలు చేయవని అది చెప్పింది, అంతే. బానిసను పెట్టుకోవడం నేరమని అనలేదు. కొనడం, అమ్మడం నేరం కావడానికి 1860 శిక్షాస్మృతి దాకా ఆగాల్సి వచ్చింది. కానీ బానిస మీద హక్కును అమలు చేయని కోర్టు అప్పు పత్రాన్ని మాత్రం అమలు చేస్తుంది! 1859 పదమూడో చట్టం ఇంకో అడుగు ముందుకు పోయి, అడ్వాన్సు తీసుకుని పని ఎగ్గొట్టిన పనివాణ్ని శిక్షించే వీలు కల్పించింది. అది 1925 దాకా రద్దు కాలేదు. బానిస కాగితం చింపి ప్రోనోటు రాసుకున్నారు. అమెరికాలోనూ ఇదే కథ. 1865లో నల్లవాళ్లకు నలభై ఎకరాల చొప్పున భూమి కేటాయించమన్న షెర్మన్ ఉత్తర్వును అదే ఏడాది ఆండ్రూ జాన్సన్ తిరగదోడినాడు. భూమి లేని విముక్తి పాలు సేద్యంలో, అప్పులో ముగిసింది.

మన దగ్గర ఆ అప్పును బిగించింది కరువు. 1876-78 ధాత కరువును సీమ ముసలోళ్లు తరాలుగా చెప్పుకున్నారు. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. 1871లో తొమ్మిది లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనాభా 1881కి ఏడు లక్షల దగ్గరికి పడిపోయింది. అట్లాంటి ఏడు గింజలు అప్పిచ్చినవానికి మనిషి దొరుకుతాడు. మారిషస్‌కూ నటాల్‌కూ గిరిమిట్ మీద పోయిన తెలుగువాళ్ల కష్టం చిన్నది కాదు. అయినా ఆ కాగితం మీద అయిదేళ్ల గడువు ఉండింది. ప్రోనోటుకు గడువు లేదు, ఉగాది ఉంది.

ఇదంతా చూడగలిగిన కళ్లు మనకు లేకపోలేదు. 1873లో జోతిబా ఫూలే తన పుస్తకానికి 'గులాంగిరి' అని పేరు పెట్టి, నీగ్రో బానిసత్వ రద్దు కోసం నిలబడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చినాడు. 1946లో అంబేడ్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాసినాడు. బానిసను కొన్నవాడు తన సొమ్ము కోసమైనా వాణ్ని బతికించుకుంటాడు, అంటరానివాణ్ని బతికించే అక్కర ఎవనికీ లేదని అంబేడ్కర్ వాదన. మన మార్క్సిస్టు చరిత్రకారులు మాత్రం బానిస సమాజాన్ని ప్రాచీన దశగా గీత గీసి, జీతగాణ్ని 'భూస్వామ్య అవశేషం' కింద సర్దేసినారు. ఆ అవశేషం ఎప్పుడూ మాల మాదిగ ఇళ్లలోనే ఎందుకు మిగులుతుందో వాళ్లు అడగలేదు.

మనల్ని మనం కూడా విమర్శించుకోవాల. "మేము నీగ్రోల కంటే హీనం" అని సులభంగా రాసేస్తాం. ఎవరి నొప్పి పెద్దదో తూచడం పరిశోధన కాదు. తేడా ఎక్కడుందో చూపించాల. అమెరికాలో బానిస స్త్రీ యజమాని వంటింట్లో వండింది, అతని బిడ్డలకు పాలిచ్చింది. మా నాయన ఆ ఇంటి గడప దాటలేదు, ఆయన ముంత దొడ్డి గోడ మీదే ఉండేది. విడుదల పత్రం బానిసత్వాన్ని తీసేయగలదు, కులాన్ని తీసే పత్రం లేదు. ఇంకొక తప్పు కూడా ఉంది. ప్రోనోటు మీద నాయన వేలిముద్ర ఒక్కటే. అమ్మ చిమ్మిన కసువు, జేజి విసిరిన పిండి ఏ లెక్కలోనూ లేవు. ఆదోని వైపు బసివిగా వదిలిన ఆడబిడ్డలను 1988 చట్టం వచ్చినాక కూడా మన వ్యాసాలు బానిసత్వం కింద చర్చించింది తక్కువ.

ఇక అధ్యాపకుని ప్రశ్నకు వస్తాను. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినాయి. చట్టం వచ్చిన తర్వాత గాంధీ శాంతి ప్రతిష్ఠానం చేసిన సర్వే పది రాష్ట్రాల్లో 26 లక్షల మంది కట్టుబానిసలున్నారని అంచనా కట్టింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆకలి, పేదరికం కూడా బలవంతమేనన్నది. కాబట్టి జీతం ఇచ్చినారా లేదా అన్నది కొలబద్ద కాదు.

అప్పు రూపం మార్చుకుంటూనే వచ్చింది. 1990ల నుంచి నంద్యాల చుట్టుపక్కల హైబ్రిడ్ పత్తి విత్తన చేలల్లో 'క్రాసింగ్' పనికి తల్లిదండ్రులకు అడ్వాన్సులిచ్చి ఆడపిల్లలను పెట్టుకున్నారు. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరపకోతకు గుంటూరు సుగ్గికి పోతారు. కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయిన ఆడోళ్లను అక్కడ 'ఖద్దామా' అంటారు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటే ఇంటికి రావడం వాని దయ. ఇవన్నీ ఒకటే అని నేను అనను. ప్రతిచోటా అదే ప్రశ్న అడగాల: వీళ్లు విడిచి పోగలరా?

కడప జిల్లా కైఫియ్యతుల్లో ఊరు కట్టినవాళ్లు, గుడికి మాన్యమిచ్చినవాళ్లు పేర్లతో సహా దొరుకుతారు. కరణాలు చెప్పిన చరిత్ర అది. హేలీ తన ఏడు తరాలను లెక్క పెట్టుకోగలిగినాడు. మా ఇంట్లో జేజినాయన తండ్రి పేరు ఎవరికీ తెలీదు. మన పరిశోధకులు ఊర్లకు పోయి పాత ప్రోనోట్లు, ఉగాది ఒప్పందాలు, జీతాలు చేసిన ముసలోళ్ల మాటలు సేకరించాల. ఆ ముసలోళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. మా నాయన దాచిన ప్రోనోట్లు రెండున్నాయి. వాటితో నేను మొదలుపెట్టినాను.