వంశచరిత్రములు – గ్రామలేఖ్యములు

తెలుఁగునాట వంశచరిత్ర రచనకుఁ బూనువారు తఱచుగా మూఁటి నాశ్రయింతురు: ఇంటిపేరు, పెద్దలమాట, కావ్యావతారిక. మూఁడును మనోహరములే. కాని వేఱొక సాక్ష్యముతో సరిచూడనిదే వీనిలో నేదియుఁ బ్రమాణము గానేరదు. ఆ సాక్ష్యము రెవిన్యూ కచేరి దస్త్రములలోను, భూమికొలతల కార్యాలయములలోను, హైదరాబాదు తార్నాకయందలి రాజ్యలేఖ్యాగారమునను ఉన్నది. అందు రసము లేదు, అలంకారము లేదు. కావుననే కాఁబోలు పండితుల దృష్టి యటు ప్రసరించుట యరుదు. సంగారెడ్డి పట్టణము నంటియున్న పోతిరెడ్డిపల్లిని నిదర్శనముగాఁ గొని యీ సాధనముల బలాబలములు విచారింపఁదగును.

మొదట పేరు. పోతిరెడ్డిపల్లి యనఁగనే పోతిరెడ్డి యనువాఁ డూరు కట్టించెననియు, నచటి రెడ్లెల్లరును వాని సంతతియే యనియు నూహించుట సులభము. వ్యాకరణ మింత సాహసమున కొప్పుకొనదు. దేశనామములు నాలుగర్థములలో నేర్పడునని పాణిని చతుర్థాధ్యాయమునఁ జెప్పెను: ఒక వస్తు వచట నుండుట, ఒకనిచే నిర్మింపఁబడుట, ఒకనికి నివాసమగుట, ఒకదానికిఁ జేరువ నుండుట. పోతిరెడ్డి యీ పల్లెను కట్టించియుండవచ్చును; కట్టిన పల్లెకు వచ్చి కాపురముండియు నుండవచ్చును. అంతకంటె ముఖ్యమైన మాట యామహర్షియే ప్రథమాధ్యాయమున సూచించినాఁడు: అవయవార్థమే పేరునకుఁ బ్రమాణమైనచో నా సంబంధము తొలఁగినపుడు పేరును దొలఁగవలసివచ్చును, లోకమున నట్లు జరుగుట లేదు. పోతిరెడ్డి వంశ మంతరించినను పల్లెపేరు నిలుచును. నిన్న వచ్చి చేరినవారును పోతిరెడ్డిపల్లివారే యగుదురు. పైగా నీ పేరుగల గ్రామములు తెలంగాణమున నొకటికంటె నెక్కువ కలవు. ఇంటిపేరున కూరిపేరు మూలమైనపు డది యే యూరో తేల్చుటకు నిరుక్తము చాలదు.

పెద్దలమాట రెండు మూఁడు తరములవఱకు పేరులను బాగుగనే నిలుపును. అటుపై వీరగాథ యగును. ఇఁక కావ్యావతారిక. ఈ ప్రాంతమున దానికి గొప్ప నిదర్శనము పొన్నెగంటి తెలగన యయాతిచరిత్రము. అచ్చతెనుఁగు కబ్బములలో మొదటిదిగాఁ బేరొందిన యీ గ్రంథము ఇబ్రాహీం కుతుబుషా (1550–1580) కాలమునఁ బటాన్‌చెఱువునందలి యధికారియైన అమీనుఖానున కంకితమయ్యెను. కవి కాలమును, కృతిపతిని, ఆనాఁటి భాషాభిమానమును నిర్ణయించుట కిది యమూల్యము. అయినను అవతారిక యనఁగాఁ గృతిపతి వినఁగోరిన వంశకథ. ఆతని చెఱువుక్రింద మోటఁ దోలినవాఁ డందు లేఁడు. అది కవి దోషము కాదు. అవతారికను వంశవృక్షముగాఁ జదివిన విమర్శకుని దోషము.

ఆంగ్లదేశమున 1538లో నాజ్ఞ యొకటి వెలువడి, జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు చర్చి పుస్తకములలో వ్రాయించుటచే సామాన్యునికిని వంశవృక్షము సమకూడెను. భారతదేశమున జననమరణముల నమోదును దేశమంతట నిర్బంధము చేసిన చట్టము 1969లోఁగాని రాలేదు. నిజాం రాష్ట్రమునఁ బ్రభుత్వ మెఱిఁగినది మనుష్యుని గాదు, శిస్తును. సర్వే బందోబస్తు జరిగినపు డేర్పడిన సేత్వారు గ్రామభూములకు మూలపత్రము; అందు సర్వే నెంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు కలవు. పిమ్మట ఏఁటేఁట పహాణీలు. పట్టాదారు గతించినపుడు ఫౌతీ, విరాసతు కాగితములు. తండ్రికిని గొడుకులకును గల సంబంధము ప్రభుత్వ మెదుటఁ బలుకఁబడిన చోటు విరాసతు కాగితమే గావున, వంశచరిత్రకారుఁడు మొట్టమొదట వెదుకవలసిన దది.

ఈ కాగితముల సంవత్సరము ఫసలీ. దానికి 590 కూర్చిన క్రీస్తుశకము వచ్చును; 1364 ఫసలీ యనఁగా 1954–55. దానినే హిజరీ యని భ్రమించినచో 1944–45 అగును. ఇట్లు లెక్కించినవారి వంశవృక్షములలోఁ దండ్రి గతించిన యెనిమిదేండ్లకుఁ గొడుకు పుట్టినను నాశ్చర్యము లేదు.

అంతకంటెఁ గష్టమైనది లిపి. నిజాం రాష్ట్రపుఁ గచేరి వ్యవహారము 1880 దశకమువఱకుఁ బారసీకమునను, పిమ్మట ఉర్దూనను నడచెను. ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయఁబడవు. ఊకారమునకు, ఓకారమునకు, ఔకారమునకు నొకటే యక్షరము. లకార ళకారములకు భేదము లేదు. ద్విత్వచిహ్నమును లేఖకులు తఱచుగా విడుతురు. శికస్తా వ్రాఁతలోఁ జుక్కలే జాఱిపోవును. అపుడు పకార బకారములకును భేదము నశించును. కావున పోతిరెడ్డి యను పేరు పూతిరెడ్డిగను, బోతిరెడ్డిగనుఁ గూడఁ జదువఁబడవచ్చును. ఉర్దూ మాత్ర మెఱిఁగినవాఁడు తెలుఁగున లేని పేరును గల్పించును. తెలుఁగు మాత్ర మెఱిఁగినవాఁడు తనకుఁ గావలసిన పేరును జదువుకొనును. మూలలిపిలోని రూపమును, తాము గ్రహించిన తెలుఁగు రూపమును ప్రక్కప్రక్క నిచ్చుట పరిశోధకుల విధి. వంశచరిత్రలలో నీ విధి పాటింపఁబడుట మిక్కిలి యరుదు.

మఱియొక చిక్కు. దస్త్రములలో నింటిపేరు తఱచుగా నుండదు. "ఎల్లయ్య వల్దు మల్లయ్య" యని తండ్రిపేరు మాత్రముండును. తాత పేరు మనుమనికిఁ బెట్టు నాచారముచే మల్లయ్య, ఎల్లయ్య, మరల మల్లయ్య వత్తురు. వీరిని వేఱుపఱచునది సర్వే నెంబరే. సూత్రమునుండి సూత్రమునకుఁ బద మనువర్తించినట్లు నెంబరు తరమునుండి తరమున కనువర్తించును. భాగపంపకమున నుపసంఖ్యలు పుట్టును. కాని యమ్మకము జరిగినచోట నెంబరు నిలుచును, వంశము నిలువదు. ఆ తావున విరాసతు కలదా, దస్తావేజు కలదా యని చూడనివాఁడు కొన్నవానిని గొడుకుగా వ్రాయును.

ఈ లేఖ్యములకును బక్షపాతము కలదు. వతనుదారులైన పట్వారీల కుటుంబములే వీనియందు స్పష్టముగాఁ గానవచ్చును. వ్రాసినవారు వారే కదా. 1984లో నా వంశపారంపర్యపు టుద్యోగములు రద్దగువఱకు ననేక గ్రామముల లెక్క లొక్కొక్క యింటి సొత్తువలె నుండెను. పట్టా లేనివాఁడు సేత్వారులో లేఁడు. దున్నినవాని పేరు గ్రామగ్రామమున విస్తారముగా నెక్కినది 1954–55 నాఁటి ఖాస్రా పహాణీలో. అందుఁ బట్టాదారునకు వేఱుగ ననుభవదారుని వరుస యొకటి కలదు. 1950 నాఁటి కౌలుదారీ చట్టముచే నేర్పడిన రక్షిత కౌలుదారుల పట్టిక దానికిఁ దోడు. పలుకుటుంబముల లిఖితచరిత్ర మిచటనే యారంభమగును. 1972లోఁ బటాన్‌చెఱువు చెంత ఇక్రిసాట్ క్షేత్రము వెలసిన తర్వాతను, పారిశ్రామికవాడలు పెరిఁగిన కొలఁదియు భూములు వేగముగాఁ జేతులు మాఱినవి. తాత దున్నిన పొలము నేఁడు ప్రహరీగోడ వెనుక నున్నవానికి భూసేకరణ దస్త్రమును ఖాస్రా నకలును గాక వేఱాధారము లేదు. అందును బురుషుల పేరులే యధికము. భర్త గతించినపుడు విరాసతులో నెక్కిన వితంతువు పేరు తప్ప స్త్రీల పేరు లీకాగితములలో మిక్కిలి యరుదు. వానికిఁ బెద్దలమాటనే యాశ్రయింపవలయును.