యుద్ధానికి ముందు అంటే ఎప్పుడు?

'యాంటీబెల్లం' అని మొదటిసారి వింటే తెలుగు చెవికి బెల్లానికి వ్యతిరేకమేమో అనిపిస్తుంది. లాటిన్‌లో 'యాంటీ' అంటే ముందు, 'బెల్లం' అంటే యుద్ధం. ఏ యుద్ధానికైనా వాడొచ్చు గానీ, అమెరికాలో వాడుక ప్రధానంగా ఒకదానికే స్థిరపడింది: 1861లో మొదలైన అంతర్యుద్ధానికి ముందటి దక్షిణాది. తెల్లటి స్తంభాల మేడలు, పత్తి తోటలు. చెప్పాలంటే బెల్లమంత తియ్యటి మాటే. 1860 నాటికి అక్కడ బానిసలుగా ఉన్న దాదాపు 40 లక్షల మంది మాత్రం అందులో వినపడరు. 'లేడీ యాంటీబెల్లం' అనే సంగీత బృందం 2020లో 'లేడీ ఎ'గా పేరు మార్చుకుంది ఇందుకే.

తెలుగులోకి తెచ్చేటప్పుడు 'యుద్ధపూర్వ' అని రాసేస్తాం. అర్థం తప్పు కాదు. కానీ మన చెవికి అది ఉత్త తేదీ. ఆ తీపీ రాదు, తీపి కింద దాచిందీ రాదు. తోట యజమానురాలి నోట వస్తే 'యుద్ధానికి ముందు, మా రోజుల్లో' అని ఆ బెంగతో సహా రాయాలి. చరిత్రకారుడు అంటుంటే మొహమాటం లేకుండా 'బానిసత్వపు రోజుల్లో' అనాలి. ఒకే మాటకి రెండు అనువాదాలా అంటే, అవును, రెండే.

తర్వాతెప్పుడో అర్థాన్ని అందంగా అతికించడం మనకీ తెలుసు. మాచర్ల మీదుగా వచ్చే చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు ఎత్తిపోతల. యతుల తపోస్థలం కాబట్టి ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు. నీళ్లు ఎత్తి పోసినట్టు కళ్లెదుటే పడుతుంటే మధ్యలో యతులెందుకో!

అదే మాచర్లకి 12వ శతాబ్దంలో ఒక యుద్ధం ఉంది. కోడిపందెంలో ఓడి ఏడేళ్ల వలస, రాయబారానికి వెళ్లిన అలరాజు హత్య, ఆ తర్వాతే కారంపూడి రణం. ఇందులో 'యుద్ధపూర్వ మాచర్ల' ఏది? పందేనికి ముందా, వలసలోనా? తియ్యగా తలుచుకోడానికి బ్రహ్మనాయుడి చాపకూడు ఉందనుకోండి. కులం చూడకుండా ఒకే చాప మీద తిండి.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరుల ఉత్సవం ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కథలో వరుస ఇది కాదు. కానీ యుద్ధానికి ముందు జరిగినవాటిని 'ముందు' అని ఒక్క మాటలో కట్టేయకుండా, దేని పేరు దానికే పెట్టి ఒక్కో రోజు ఇచ్చారు. చాపకూడు పెట్టేది మందపోరు నాడు.