ఇష్టానికి జీతమా?

ఆటల పేజీ రాగానే తిప్పేసే అలవాటు నాది. అలాంటిది 2025 అక్టోబర్‌లో ఇంగ్లండ్ రగ్బీ క్రీడాకారిణి ఎమిలీ స్కారట్ ఆట నుంచి తప్పుకున్నప్పుడు ఆమె గురించి వచ్చినవన్నీ వెతుక్కుని మరీ చదివాను. ఆట మీద ఆసక్తితో కాదు. స్త్రీల ఆత్మకథలూ, జీవితచరిత్రలూ చదివే అలవాటు వల్ల పుట్టిన కుతూహలం అది. ఒక స్త్రీ పదిహేడేళ్ళ పనిని నాలుగు పేరాల్లోకి కుదించేటప్పుడు ఏమి ఉంచుతారు, ఏమి వదిలేస్తారు?

ఉంచినవి అంకెలు. 119 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 754 పాయింట్లు, అయిదు ప్రపంచకప్‌లు, 2019లో ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి. ఇంగ్లండ్ మహిళల్లో అన్ని పాయింట్లు ఇంకెవరూ చేయలేదు. అంకెల తర్వాత ఒక కథ. లెస్టర్‌షైర్‌లో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన పిల్ల, 16 ఏళ్ళ వయసులో అమెరికాలో బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ వస్తే వద్దనుకుని రగ్బీ వైపే ఉండిపోయింది. ఎందుకు? ఇష్టం కాబట్టి.

నా పేచీ అంతా ఈ ఇష్టం అనే మాటతోనే.

రగ్బీ సుకుమారమైన ఆట కాదు. రెండు వైపులా పదిహేనేసి మంది, 80 నిమిషాలు. బంతి పట్టుకుని పరిగెత్తే మనిషిని మీదపడి నేలకూల్చటం ఆటలో భాగం. స్కారట్ జాతీయ జట్టులోకి వచ్చింది 2008లో. 2010లో లండన్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ 10-13 తేడాతో న్యూజిలాండ్ చేతిలో ఓడిపోయింది. అప్పటికి ఆమెకి 20 ఏళ్ళు. 2014లో పారిస్ ఫైనల్లో కెనడాని 21-9తో ఓడించారు. ఆ 21లో 16 పాయింట్లు స్కారట్ ఒక్కతే చేసింది. ఆ జట్టు కెప్టెన్ కేటీ మెక్లీన్ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఇంకో క్రీడాకారిణి సోఫీ హెమింగ్ పశువుల డాక్టరు. ప్రపంచాన్ని గెలిచినవాళ్ళు మళ్ళీ ఉద్యోగాలకి వెళ్ళాలి. పొద్దున్నో సాయంత్రమో సాధన, మధ్యలో బతుకుతెరువు. ఇంటిపనీ బయటిపనీ రెండు చేతులతో మోసే మనకి ఈ రోజువారీ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ గెలుపు తర్వాతే ఇంగ్లండ్ రగ్బీ సంఘం 20 మందికి వృత్తి ఒప్పందాలు ఇచ్చింది. అవి కూడా ప్రధానంగా 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడే ఏడుగురి ఆటని దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. రియోలో బ్రిటన్ జట్టుకి స్కారట్ కెప్టెన్. నాలుగో స్థానంతో పతకం చేజారింది. 2017లో పదిహేనుమంది ఆట ప్రపంచకప్ ఇంకా మొదలు కాకుండానే, అది అయిపోయాక ఆ ఆటకి సంబంధించిన ఒప్పందాలు పొడిగించబోమని సంఘం చెప్పేసింది. దృష్టి ఒకసారి ఈ ఆట మీద, ఒకసారి ఆ ఆట మీద పెట్టటం తమ పద్ధతి అన్నది వాళ్ళ వివరణ. మగవాళ్ళ జట్టుకి ఈ వంతుల పద్ధతి ఎందుకు లేదో ఆ వివరణలో లేదు. ఆ ఏడాది ఫైనల్లో 32-41తో మళ్ళీ న్యూజిలాండ్ చేతిలోనే ఓడారు. చివరికి 2019 జనవరిలో 28 మందికి పూర్తికాలపు ఒప్పందాలు వచ్చాయి. అంటే స్కారట్ వృత్తిజీవితం అని మనం చదివేదాంట్లో మొదటి ఆరేళ్ళు అసలు వృత్తే కాదు. ఆ తర్వాత కూడా అది వస్తూ పోతూ ఉంది.

మగవాళ్ళు కూడా ఒకప్పుడు ఊరికే ఆడారు కదా అనొచ్చు. నిజమే. రగ్బీ యూనియన్ 1995 దాకా డబ్బు ముట్టని ఆట. అయితే అది తీరిక ఉన్న పెద్దమనుషులు పెట్టుకున్న నియమం. కూలి పోగొట్టుకుని ఆడలేని కార్మికులు పందొమ్మిదో శతాబ్దం చివరలోనే విడిపోయి వేరే రగ్బీ పెట్టుకున్నారు. ఇంగ్లండ్ మహిళలు మొదటిసారి ప్రపంచకప్ గెలిచింది 1994లో. మరుసటి ఏడాదే మగవాళ్ళకి తలుపు తెరుచుకుంది. ఆడవాళ్ళకి మాత్రం ఇష్టం మిగిలింది.

ఈ మాట మనకి కొత్తది కాదు. ఇంట్లో చాకిరీకి ప్రేమ అని పేరు. అంగన్‌వాడీ టీచరుకీ, ఆశా కార్యకర్తకీ ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ప్రేమ, సేవ, గౌరవం, ఇష్టం. ఇవన్నీ మంచి మాటలే. జీతం అనే మాట వచ్చే చోట కూర్చోబెట్టినప్పుడే వాటి పని తెలుస్తుంది. స్కారట్‌కి ఆటంటే ఇష్టం లేదని నేననటం లేదు. ఇష్టం ఉన్న మనిషికి కూడా అద్దె కట్టాల్సి ఉంటుంది, మెడ నొప్పి పుడుతుంది. 2023లో ఆమె మెడకి ఆపరేషన్ జరిగింది. నెలల తరబడి ఆటకి దూరంగా ఉండి 2024లో తిరిగొచ్చింది. ఒప్పందం లేని రోజుల్లో అదే దెబ్బ తగిలితే ఆ నెలలు ఎలా గడిచేవన్న ప్రశ్న నేను చదివిన ఏ నివాళిలోనూ కనిపించలేదు.

జీతం వస్తే విముక్తి వచ్చినట్టేనా అని స్త్రీవాదులం మనమే అడుగుతాం. కాదు. 28 మందికి దక్కినది ఆట ఆడే అందరికీ దక్కినట్టు కాదు. జట్టుని అమ్మకానికి పెట్టే మార్కెట్టు రేపు ఇంకో రూపంలో దేహాన్ని అడుగుతుంది. అయినా చాకిరీని పని అని ఒప్పుకోవటం దగ్గరే బేరం మొదలవుతుంది.

2025 సెప్టెంబర్ 27న ట్వికెన్‌హామ్ మైదానంలో 81,885 మంది చూస్తుండగా ఇంగ్లండ్ 33-13తో కెనడాని ఓడించి కప్పు గెలిచింది. ఆ రోజు ఆడటానికి ఎంపికైన 23 మందిలో స్కారట్ లేదు. ప్రారంభ మ్యాచ్‌లో అమెరికా మీద బదులు క్రీడాకారిణిగా దిగి, అయిదు ప్రపంచకప్‌లు ఆడిన మొదటి ఇంగ్లండ్ మహిళ అయింది. వీరగాథ రాసేవాళ్ళకి ఇది ఇబ్బందికరమైన ముగింపు. నాయిక చివరి ఘట్టంలో రంగస్థలం మీద ఉండాలి కదా! నాకు మాత్రం ఈ ముగింపే నచ్చింది. 2014లో 16 పాయింట్లు ఒక్కతే చేసిన మనిషి, 2025లో సాధనలో చెమటోడ్చి పక్కన నిలబడింది. రెండు పతకాల వెనకా ఉన్నది పనే. ఒకటి లెక్కకి వచ్చింది, ఇంకోటి రాలేదు.

లెక్కకి రాని ఆ పనిని రాయటానికి ఆటల పేజీ దగ్గర మాటలు లేవు. మన దగ్గర ఉన్నాయి. అందుకే ఇకనుంచి ఆ పేజీని తిప్పేయకూడదనుకుంటున్నాను.