జలాంతర్గామి ఆట - ఆడువారి తీరులు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల విద్యార్థులకు సముద్రము దూరము. వారెరిగిన పెద్దనీరు పెన్న వరద, లేదా మైలవరము జలాశయము. నిజమైన జలాంతర్గామిని చూడగోరినచో విశాఖపట్టణము పోయి, 1969 నుండి 2001 వరకు మన నౌకాదళములో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారిన ‘కుర్సురా’ను చూడవలెను. ఇంట కూర్చుండియే ఆ అనుభవమును కొంత పొందుటకు కంప్యూటరు ఆటలు గలవు. వానిలో 2005లో యూబీసాఫ్ట్ సంస్థ వెలువరించిన ‘సైలెంట్ హంటర్ 3’ పేరెన్నికగన్నది. ఇందు ఆటగాడు రెండవ ప్రపంచయుద్ధమునాటి జర్మను జలాంతర్గామికి నాయకుడగును. ఈ ఆటవలన విద్య కలుగునా, కాలక్షేపమేనా? అది ఆడువాని తీరునుబట్టి యుండునని మా అభిప్రాయము.

ఒకడు గురిపెట్టు లెక్కలన్నియు యంత్రమునకే వదలి, మీట నొక్కి తృప్తిచెందును. వానికి దక్కునది పేలుడు దృశ్యము మాత్రమే. మరియొకడు ఆ సహాయమును తొలగించుకొనును. ఆట అందుకు వీలు కల్పించినది. అప్పుడు ఓడ దూరము, దిశ, వేగము తానే కనుగొనవలెను. టార్పెడో చేరునప్పటికి ఓడ ఎచ్చట నుండునో అచ్చటికి గురిపెట్టవలెను గదా!

వేగము కనుగొను ఉపాయము సులభమే. నావను కదలకుండ నిలిపి, పెరిస్కోపులోని నిలువుగీతను ఓడ ముందుకొన తాకినది మొదలు వెనుకకొన దాటువరకు ఎంత కాలము పట్టెనో చూడవలెను. 140 మీటర్ల ఓడకు 28 సెకండ్లు పట్టినచో వేగము సెకండుకు 5 మీటర్లు, అనగా గంటకు 18 కిలోమీటర్లు.

దీనిని ఉపాధ్యాయులు కంప్యూటరు లేకయే చేయింపవచ్చును. రోడ్డు కనబడు కిటికీ ఊచయే నిలువుగీత. తల కదల్చకుండ చూడవలెను. 12 మీటర్ల బస్సు ఒకటిన్నర సెకండులో ఊచను దాటినచో వేగము సెకండుకు 8 మీటర్లు. అర సెకండు పొరపాటు ఓడ లెక్కను అంతగా చెరుపదు. బస్సు లెక్కను తారుమారు చేయును. ఏల? విద్యార్థులే ఆలోచింతురుగాక.

నావ మునిగినప్పుడెల్ల, ముందు భద్రపరచిన ఘట్టమునకు మరలిపోయి ఆడువారును కలరు. ఈ తీరు మాకు సమ్మతము కాదు. ఆ యుద్ధములో జర్మను జలాంతర్గాములలో పనిచేసిన సుమారు 40,000 మందిలో దాదాపు నాలుగింట మూడువంతులవారు మరణించిరి. వారికి రెండవ అవకాశము లేదు. మునిగిన ఆటను ముగిసినట్లే యెంచువాడు తొందరపడడు. అపాయమని తోచినచో వేటను విడిచి మరలివచ్చును. వివేకము అలవడునది ఇచ్చటనే.

ఆటలోనే యొక లోపము గలదు. మునిగిన ఓడల టన్నులనుబట్టి అది మెప్పునిచ్చును. ఆ ఓడలలోని మనుష్యుల సంగతి తలచు భారము ఆడువానిమీదనే పడినది. ఆ మాట పిల్లలకు గుర్తుచేయుట ఉపాధ్యాయుల పని.